ఆక్సిజన్‌ను పట్టుకునే ప్రోటీనే ఆక్సిజన్ తగ్గిందని కణానికి చెబుతుందా?

శ్వాసకణం (చర్చ మొదలు)

జీవరసాయన పుస్తకాల్లో ఈ విషయం రెండు అధ్యాయాలుగా చీలిపోయి ఉంటుంది. ఒకచోట రక్తంలో, కండరంలో ఆక్సిజన్‌ను పట్టుకునే హిమోగ్లోబిన్, మయోగ్లోబిన్, ఎంత పీడనానికి అవి ఎంత నిండుతాయో చూపే సంతృప్త వక్రరేఖలు. ఇంకోచోట ఆక్సిజన్ తగ్గితే జన్యువులను లేపే హిఫ్-1ఆల్ఫా, దాన్ని కూల్చడానికి పట్టుకునే వీహెచ్‌ఎల్, ఆ దారికి వచ్చిన 2019 నోబెల్. ఈ రెండింటికీ మధ్య వంతెన మాత్రం దొరకదు.

నా ప్రశ్న ఇది. కండర కణంలో ఆక్సిజన్ పడిపోతే మయోగ్లోబిన్ మీద ఉన్న ఆక్సిజన్ ఊడిపోతుంది. ఆ ఊడిపోవడమే కణానికి అందే కబురా? లేక మయోగ్లోబిన్ ఉత్త గిడ్డంగేనా? మయోగ్లోబిన్ కుటుంబానికే (గ్లోబిన్లు) చెందిన న్యూరోగ్లోబిన్, సైటోగ్లోబిన్‌లను చాలాచోట్ల "ఆక్సిజన్ సెన్సర్లు" అని రాసేస్తున్నారు. అది ఎంతవరకు నిలుస్తుంది? అంకెలతో చెబితే ఎక్కువ సంతోషం.

కొలతబద్ద

అంకెలతోనే మొదలుపెడదాం. మయోగ్లోబిన్‌కు ఒకటే హీమ్ (ఆక్సిజన్ అతుక్కునే ఇనుమున్న భాగం), కాబట్టి లెక్క తేలిక: సంతృప్తత = పీడనం ÷ (పీడనం + పీ50). 37 డిగ్రీల దగ్గర పీ50 (సగం నిండే ఆక్సిజన్ పీడనం) సుమారు 2.8 మి.మీ. పాదరసం. అంటే 40 మి.మీ. దగ్గర 93 శాతం నిండి ఉంటుంది, 7 మి.మీ. దగ్గర 71 శాతం, 2.8 దగ్గర సగం, 1 మి.మీ. దగ్గర 26 శాతం.

ఇప్పుడు ప్రయోగశాలల్లో అందరూ వాడే "1 శాతం ఆక్సిజన్" తీసుకోండి. సముద్ర మట్టంలో మొత్తం పీడనం 760, అందులో 37 డిగ్రీల నీటి ఆవిరి 47 పోగా మిగిలినదాంట్లో 1 శాతం, అంటే దాదాపు 7 మి.మీ. ఆ స్థితిలో హిఫ్-1ఆల్ఫా బ్రహ్మాండంగా పేరుకుంటుంది. మయోగ్లోబిన్ మాత్రం ఇంకా మూడింట రెండొంతులకు పైగా నిండే ఉంది. కణం అప్పటికే గట్టిగా స్పందించేసింది, గిడ్డంగి తలుపు సగం కూడా తెరుచుకోలేదు. హిఫ్ దారికి మయోగ్లోబిన్ ఊడటం సంకేతం కాదనడానికి ఈ ఒక్క పోలిక చాలు.

హీమ్‌పటం

కొలతబద్ద గారి పోలికకు రెండో సగం నేను కలుపుతాను.

హిఫ్ దారిలో ఆక్సిజన్‌ను చదివేది పీహెచ్‌డీ2 అనే ఎంజైమ్. ఇందులో హీమ్ లేదు. రెండు హిస్టిడిన్లు, ఒక ఆస్పార్టేట్ పట్టుకున్న ఫెర్రస్ ఇనుము ఉంటుంది. అది 2-ఆక్సోగ్లుటరేట్ అనే చిన్న అణువునూ, ఆక్సిజన్‌నూ వాడుకుని హిఫ్-1ఆల్ఫాలోని 402, 564 స్థానాల ప్రోలిన్లకు హైడ్రాక్సిల్ అతికిస్తుంది. ఆక్సిజన్ అణువులోని ఒక పరమాణువు ప్రోలిన్ మీదికి పోతుంది, ఇంకోటి 2-ఆక్సోగ్లుటరేట్ నుంచి మిగిలే సక్సినేట్‌లోకి. హైడ్రాక్సిల్ పడిన హిఫ్‌ను వీహెచ్‌ఎల్ పట్టుకుని ప్రోటీన్లను ముక్కలు చేసే ప్రోటియాజోమ్‌కు అప్పగిస్తుంది. ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నప్పుడు హిఫ్-1ఆల్ఫా అర్ధాయువు 5 నిమిషాల లోపే.

అసలు కీలకం ఆక్సిజన్‌కు పీహెచ్‌డీ2 చూపే కేఎం, అంటే ఎంజైమ్ సగం వేగం అందుకునే ఆక్సిజన్ గాఢత. పరీక్షనాళికలో అది సుమారు 230 మైక్రోమోలార్ దాకా వస్తుంది. గాలితో సమతుల్యమైన ద్రావణంలోనే 37 డిగ్రీల దగ్గర 200 మైక్రోమోలార్ ఉంటుంది, అంటే 1 మి.మీ. కి సుమారు 1.3 మైక్రోమోలార్. ఆ లెక్కన పీహెచ్‌డీ2 కేఎం 170 మి.మీ. చుట్టూ పడుతుంది. శరీరంలో ఏ కణజాలంలోనూ అంత ఉండదు. కాబట్టి ఈ ఎంజైమ్ ఎప్పుడూ నిండదు, దాని వేగం ఆక్సిజన్‌తో దాదాపు సరళరేఖలో నడుస్తుంది. 40 మి.మీ. దగ్గర గరిష్ఠ వేగంలో 19 శాతం, 7 దగ్గర 4 శాతం. అయిదు రెట్ల తేడా. అదే దూరంలో మయోగ్లోబిన్ కదిలింది 93 నుంచి 71కి. "బలంగా పట్టుకోవడం" మంచి సెన్సర్ లక్షణం అని చాలామంది అనుకుంటారు. ఈ పనికి కావాల్సింది అందుకు సరిగ్గా ఎదురు: బలహీనంగా, నెమ్మదిగా పట్టుకోవడం.

ఇక్కడే ఒక చరిత్ర చెప్పుకోవాలి, ఎందుకంటే శ్వాసకణం గారి ప్రశ్న ఒకప్పుడు ఈ రంగం మొత్తం నమ్మిన సమాధానమే. 1988లో హెప్3బి అనే కాలేయ కణాల్లో ఎరిత్రోపోయిటిన్ (ఎర్రరక్తకణాలను పెంచే హార్మోన్) మీద జరిగిన ప్రయోగాల్లో రెండు సంగతులు బయటపడ్డాయి. కోబాల్ట్, నికెల్ ఇస్తే ఆక్సిజన్ ఉన్నా ఎరిత్రోపోయిటిన్ పెరిగింది. ఆక్సిజన్ తగ్గించి కార్బన్ మోనాక్సైడ్ ఇస్తే ఆ పెరుగుదల అణిగింది. కార్బన్ మోనాక్సైడ్ అతుక్కునేది హీమ్‌కు కాబట్టి, కోబాల్ట్ హీమ్‌లో ఇనుము స్థానాన్ని ఆక్రమించి ప్రోటీన్‌ను ఖాళీ రూపంలో ఇరికిస్తుందని భావించి, సెన్సర్ ఒక హీమ్ ప్రోటీనే అని తీర్మానించారు. చాలా పద్ధతైన తర్కం. 2001లో పీహెచ్‌డీ2 కుటుంబపు ఎంజైములు (పీహెచ్‌డీలు) బయటపడ్డాక అవే పరిశీలనలకు వేరే అర్థం వచ్చింది. కోబాల్ట్ దెబ్బ కొట్టేది హీమేతర ఇనుమున్న పీహెచ్‌డీని, దానికి కావాల్సిన ఆస్కార్బేట్‌ను (విటమిన్ సి). కార్బన్ మోనాక్సైడ్ మైటోకాండ్రియాలో శ్వాసకు ఆక్సిజన్‌ను వాడే సైటోక్రోమ్ ఆక్సిడేజ్‌ను అడ్డుకుంటుంది. శ్వాస తగ్గితే ఖర్చుకాని ఆక్సిజన్ మిగిలి పీహెచ్‌డీకి అందుతుంది. హీమ్ ఈ కథలో ఉంది కానీ సెన్సర్ కుర్చీలో లేదు.

శ్వాసకణం

1988 ప్రయోగానికి రెండో అర్థం ఉందని నాకు తట్టలేదు, చాలా బాగుంది. అయితే పని మిగిలేది "గిడ్డంగి" ఒక్కటేనా? న్యూరోగ్లోబిన్ కూడా మెదడులో గిడ్డంగేనా?

కొలతబద్ద

గిడ్డంగి అనాలంటే ఎంత సరుకుంది, రోజువారీ ఖర్చెంత, ఈ రెండూ చూడాలి.

గుండె: మయోగ్లోబిన్ సుమారు 200 మైక్రోమోలార్. విశ్రాంతిలో గుండె కండరం 100 గ్రాములకు నిమిషానికి 6 మి.లీ. ఆక్సిజన్ వాడుతుందనుకుంటే, అది సెకనుకు దాదాపు 45 మైక్రోమోలార్. నిండుగా ఉన్న నిల్వ 4 నుంచి 5 సెకన్లలో ఖాళీ. గుండెపోటును ఆపడానికి ఇది ఎందుకూ చాలదు. కానీ గుండె ముడుచుకున్నప్పుడు గోడలోపలి రక్తనాళాలు నొక్కుకుపోయే ఆ అరసెకను లోపు కాలానికి నిండుగా సరిపోతుంది. అంటే ఇది గాదె కాదు, ఒక్క పూటకు చేతిలో ఉంచుకునే చిల్లర.

సీల్: హుడెడ్ సీల్ కండరంలో గ్రాముకు 90 మి.గ్రా. పైనే మయోగ్లోబిన్ ఉంటుంది. మనిషిలో 5 చుట్టూ. 17 వేల అణుభారంతో భాగిస్తే సీల్ కండరం కిలోకు 5 మిల్లీమోల్ పైన, అంటే 120 మి.లీ. చుట్టూ ఆక్సిజన్. విశ్రాంతి కండరం ఖర్చు కిలోకు నిమిషానికి 2, 3 మి.లీ. మాత్రమే. రక్తప్రసరణ తెగినా ఆ కండరానికి 40 నిమిషాలు ఢోకా లేదు. ఇదీ గాదె అంటే. అంత గాఢతలో ప్రోటీన్ ముద్దలు కట్టకుండా ఉండటానికి మునిగే క్షీరదాల మయోగ్లోబిన్ ఉపరితలం మీద ధన ఆవేశం ఎక్కువగా ఉంటుందని 2013లో చూపించారు. అణువులు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి.

మెదడు: న్యూరోగ్లోబిన్ సుమారు 1 మైక్రోమోలార్, చాలాచోట్ల అంతకన్నా తక్కువ. మెదడు ఖర్చు సెకనుకు 26 మైక్రోమోలార్. నిల్వ 0.04 సెకను. దీన్ని గిడ్డంగి అనడం లెక్కకు నిలవదు. రెటీనాలో 100 మైక్రోమోలార్ దాకా ఉంటుందని కొలిచారు కాబట్టి అక్కడ మాత్రం ఆ వాదనకు చోటుంది.

మైటోతీగ

ఇప్పటిదాకా నడిచిన తర్కంతో నాకు ఒక పేచీ ఉంది. "హిఫ్‌కు సెన్సర్ కాదు, కాబట్టి సెన్సర్ కాదు" అనేశారు. హిఫ్ ఒక్కటే స్పందన కాదు. హిఫ్ దారిలో జన్యువులు చదవబడి ప్రోటీన్లు తయారవ్వడానికి గంటలు పడుతుంది. మొదటి నిమిషాల్లో ఏం జరుగుతుంది?

మయోగ్లోబిన్ ఆక్సిజన్‌తో నిండి ఉన్నప్పుడు నైట్రిక్ ఆక్సైడ్‌ను మింగేస్తుంది. ఆక్సీమయోగ్లోబిన్, నైట్రిక్ ఆక్సైడ్ కలిసి మెట్‌మయోగ్లోబిన్ (ఇనుము ఆక్సీకరించి ఆక్సిజన్ పట్టలేని రూపం), నైట్రేట్ అవుతాయి. ఆక్సిజన్ ఊడిన డీఆక్సీ రూపం కణంలోని నైట్రైట్‌ను తీసుకుని నైట్రిక్ ఆక్సైడ్ తయారు చేస్తుంది. ఒకే ప్రోటీన్ నిండి ఉంటే మింగుతుంది, ఖాళీ అయితే ఉమ్ముతుంది. ఆ మలుపు సరిగ్గా పీ50 చుట్టూ, 1 నుంచి 5 మి.మీ. మధ్య. బయటికొచ్చిన నైట్రిక్ ఆక్సైడ్ సైటోక్రోమ్ ఆక్సిడేజ్ దగ్గర ఆక్సిజన్‌తో పోటీపడి మైటోకాండ్రియా శ్వాసను తగ్గిస్తుంది. మయోగ్లోబిన్ లేని ఎలుకల్లో నైట్రైట్ ఇచ్చినా గుండెకు ఆ రక్షణ దొరకలేదు. ఉన్నవాటిలో దొరికింది.

గట్టి వ్యాయామంలో మనిషి తొడ కండరంలో మయోగ్లోబిన్ సగం దాకా ఖాళీ అవుతుందని ప్రోటాన్ ఎంఆర్‌ఎస్ (అయస్కాంత అనునాదం) కొలతలు చెబుతున్నాయి. కాబట్టి ఈ మలుపు పాఠ్యపుస్తకపు ఊహ కాదు, రోజూ పనిచేసే కండరం ఉండే ప్రాంతమే. దీన్ని సెన్సర్ అనకపోతే ఏమనాలి?

హీమ్‌పటం

మీ పేచీ న్యాయమైనదే. నా వాక్యాన్ని సవరించుకుంటాను: మయోగ్లోబిన్ హిఫ్ దారికి సెన్సర్ కాదు. పీహెచ్‌డీ కన్నా చాలా కింది అంతస్తులో (ఇంకా తక్కువ ఆక్సిజన్ దగ్గర), వేరే దారికి సెన్సర్.

పైగా ఈ రెండు దారులూ ఒకదాన్నొకటి తాకుతాయి. నైట్రిక్ ఆక్సైడ్ మైటోకాండ్రియాను నెమ్మదింపజేస్తే అక్కడ ఖర్చుకాని ఆక్సిజన్ సైటోప్లాజంలోకి మిగిలి పీహెచ్‌డీకి దొరుకుతుంది. అప్పుడు బయట ఆక్సిజన్ తక్కువగా ఉన్నా హిఫ్ పడిపోతుంది. 2003లో దీన్ని కణాల్లో చూపించారు. పైన చెప్పిన కార్బన్ మోనాక్సైడ్ కథే ఇది, పాత్రధారి మారాడంతే. అందుకే మయోగ్లోబిన్ జన్యువు ఎక్కించిన కణాల్లో హిఫ్ తగ్గితే "గిడ్డంగి పని చేసింది" అని వెంటనే రాసేయకూడదు. ఆక్సిజన్ వితరణ వల్ల తగ్గిందా, నైట్రైట్ వల్ల తగ్గిందా విడదీయాలి. కణాలు పెరిగే మాధ్యమంలో నైట్రైట్ ఎంతుందో గ్రీస్ పరీక్షతో (రంగు మార్పుతో కొలిచేది) చూడండి.

అంతస్తుల మాట వచ్చింది కాబట్టి: ఎఫ్‌ఐహెచ్ (హిఫ్‌లో 803వ ఆస్పరాజిన్‌ను హైడ్రాక్సిలేట్ చేసేది) కేఎం 90 మైక్రోమోలార్ చుట్టూ. అందుకే పీహెచ్‌డీ చేతులెత్తేసినా అది కొంతసేపు పని చేస్తూనే ఉంటుంది. ఓ మోస్తరు కొరతలో హిఫ్ పేరుకున్నా పూర్తి బలంతో జన్యువులను లేపదు. ఏడీఓ అనే ఇంకో ఎంజైమ్ ఉంది. ఆర్‌జీఎస్4, ఆర్‌జీఎస్5 లాంటి సంకేత నియంత్రక ప్రోటీన్ల మొదట్లోని సిస్టీన్‌ను ఆక్సీకరించి వాటిని కూల్చేస్తుంది. ఆక్సిజన్ తగ్గితే అవి నిలబడతాయి, జన్యువుల ఊసే లేకుండా. కేడీఎం6ఏ అనే ఎంజైమ్ ఆక్సిజన్‌ను నేరుగా, డీఎన్‌ఏ చుట్టుకునే హిస్టోన్ ప్రోటీన్ల మీది మీథైల్ గుర్తుల ద్వారా చదువుతుంది. అన్నిటికన్నా అడుగున సైటోక్రోమ్ ఆక్సిడేజ్. దాని కేఎం 1 మైక్రోమోలార్ లోపు, అందుకే చివరి బొట్టు దాకా శ్వాస ఆగదు.

న్యూరోగ్లోబిన్ గురించి ఒక మాట. 2000లో కనిపెట్టారు. దాని హీమ్ ఇనుమును రెండు వైపులా హిస్టిడిన్లే పట్టుకుని ఉంటాయి, 64, 96 స్థానాలవి. ఆక్సిజన్ రావాలంటే 64వ హిస్టిడిన్ ముందు వదలాలి. మనిషి న్యూరోగ్లోబిన్‌లో 46, 55 సిస్టీన్ల మధ్య డైసల్ఫైడ్ బంధం ఉంటే ఆక్సిజన్ పట్టు పెరుగుతుంది, తెగితే దాదాపు పదో వంతుకు పడిపోతుంది. అంటే కణంలోని రెడాక్స్ (ఆక్సీకరణ-క్షయకరణ) స్థితి కూడా దీని వక్రరేఖను జరుపుతుంది. శుద్ధి చేసేటప్పుడు బఫర్‌లో డీటీటీ వేసి, ఆ తర్వాత పీ50 కొలిచి, వేరే వాళ్ళ అంకెతో సరిపోలలేదనుకోవడం చాలా మామూలుగా జరిగే పొరపాటు. డీటీటీ ఆ బంధాన్ని తెంపేసి ఉంటుంది.

నీటిఈగ

ఇప్పటిదాకా మాట్లాడింది అంతా క్షీరదాల గురించి. కాస్త పక్కకు చూస్తే శ్వాసకణం గారి వంతెన కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది.

డాఫ్నియా అనే నీటి ఈగను (రొయ్యల వర్గపు చిన్న జీవి) ఆక్సిజన్ తక్కువున్న నీళ్ళలో కొన్ని రోజులు ఉంచితే పాలిపోయిన ఒళ్ళు ఎర్రబడుతుంది. హిమోగ్లోబిన్ పది రెట్ల దాకా పెరుగుతుంది. పెరిగిన దాంట్లో ఉపఖండాలు కూడా మారతాయి, కొత్త హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. దాని జన్యువు ముందు భాగంలో హిఫ్ కూర్చునే స్థలాలున్నాయి. పీహెచ్‌డీ చదువుతుంది, హిఫ్ ఆజ్ఞ ఇస్తుంది, గ్లోబిన్ తయారవుతుంది. అక్కడ గ్లోబిన్ కబురు మోసేది కాదు, కబురుకు వచ్చిన జవాబు. సాధారణ కార్ప్ చేపలోనూ ఆక్సిజన్ కొరతలో కండరం కాని కణజాలాల్లో మయోగ్లోబిన్ పెరుగుతుందని 2006లో చూశారు.

సీ. ఎలిగాన్స్ నులిపురుగు ఇంకో దారి పట్టింది. దానికి 33 గ్లోబిన్ జన్యువులు. ఇది 5 నుంచి 12 శాతం ఆక్సిజన్ ఉన్నచోటును వెతుక్కుంటుంది. అందుకు వాడే సెన్సర్ జీసీవై-35 అనే గ్వానిలేట్ సైక్లేజ్ ఎంజైమ్. దాని హీమ్ నేరుగా ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. మన శరీరంలోని గ్వానిలేట్ సైక్లేజ్ హీమ్ మాత్రం నైట్రిక్ ఆక్సైడ్‌ను పట్టుకుని ఆక్సిజన్‌ను దగ్గరికి రానివ్వదు. ఒకే కుటుంబపు ప్రోటీన్‌లో హీమ్ గది అమరిక మారితే పని ఎంత మారుతుందో చూడండి. ఇక్కడ హీమ్ ప్రోటీన్ నిజంగానే సెన్సర్, ఏ సందేహం లేకుండా. గ్లోబిన్ జీఎల్‌బీ-5 ఆ నాడీకణాల సున్నితత్వాన్ని సరిదిద్దుతుంది.

అంటార్కిటికా ఐస్‌ఫిష్‌లను కూడా మరవకూడదు. వాటి రక్తంలో హిమోగ్లోబిన్ లేదు. 16 జాతుల్లో 6 గుండెలో మయోగ్లోబిన్‌ను కూడా పోగొట్టుకున్నాయి. అయినా బతికాయి, ఎందుకంటే గడ్డకట్టే చలినీళ్ళలో ఆక్సిజన్ ఎక్కువ కరుగుతుంది. పెద్ద గుండె, వెడల్పాటి రక్తనాళాలు మిగతా లోటు పూడుస్తాయి.

మైటోతీగ

ఐస్‌ఫిష్‌కు ఎలుకలో అన్నదమ్ముడున్నాడు. 1998లో మయోగ్లోబిన్ జన్యువు తీసేసిన ఎలుకలు మామూలుగా పరిగెత్తాయి. మయోగ్లోబిన్ అనవసరం అనుకునేలోపే సంగతి తేలింది: వాటి గుండెలో రక్తకేశనాళికలు పెరిగాయి, రక్తప్రవాహం పెరిగింది. పిండదశలో హిఫ్, రక్తనాళాలను పెంచే వీఈజీఎఫ్ పెరిగినట్టూ చూశారు. గ్లోబిన్ లేకపోవడంతో కణం లోపల ఆక్సిజన్ పడింది, దాన్ని పీహెచ్‌డీ చదివింది, రక్తనాళాలు వచ్చాయి. ఇదీ అసలు వంతెన. గ్లోబిన్ ఆక్సిజన్ మట్టాన్ని మారుస్తుంది, ఆ మట్టాన్ని ఎంజైములు చదువుతాయి.

ఒక హెచ్చరిక: క్షీరదాల కండరంలో ఆక్సిజన్ తగ్గడం ఒక్కటే మయోగ్లోబిన్‌ను పెంచదు. కండరం పని చేస్తూ కాల్షియం సంకేతం, దాని వెంట కాల్సినూరిన్ అనే ఎంజైమ్ కూడా ఉండాలి. ఊరికే పళ్ళెంలో కణాలను 1 శాతంలో పడేసి మయోగ్లోబిన్ పెరగలేదని నిరాశపడనక్కర్లేదు.

బ్లాట్‌బల్ల

సిద్ధాంతం బాగా నడుస్తోంది. దీన్ని బ్లాట్‌తో (ప్రోటీన్లను జెల్‌లో విడదీసి, కావాల్సినదాన్ని ప్రతిరక్షకంతో బ్యాండ్‌గా చూసే పద్ధతి) పరీక్షించాలనుకునే వాళ్ళకు ఎక్కువగా దెబ్బతగిలేచోట్లు రాస్తున్నాను. "1 శాతంలో 6 గంటలు పెట్టినా హిఫ్-1ఆల్ఫా బ్యాండ్ లేదు" అనే ఫిర్యాదుకు పదిలో తొమ్మిదిసార్లు కారణం కణాలు కావు, ఆక్సిజన్ గది తలుపు తీశాక గడిచిన నిమిషాలు.

మాధ్యమాన్ని ముందే సిద్ధం చేయాలి. వెడల్పాటి పాత్రలో పలచగా పోసి, మూత వదులుగా ఉంచి, అదే 1 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్, మిగతా నైట్రోజన్‌లో రాత్రంతా ఉంచండి. గాలితో నిండిన మాధ్యమం పోసి గది మూసేస్తే అడుగున కణాలకు ఆ ఆక్సిజన్ తగ్గడానికే గంటలు పడుతుంది. పాలీస్టైరీన్ పళ్ళెం కూడా తనలో ఆక్సిజన్ దాచుకుని నెమ్మదిగా వదులుతుంది. 0.5 శాతం కన్నా కిందికి పోవాలంటే గాజు పళ్ళేలు వాడడం మంచిది.

కోత (కణాలను సేకరించే) సమయానికి, బయటి నుంచి చేతులు పెట్టి పనిచేసే గ్లవ్స్ గది ఉంటే లోపలే మాధ్యమం తీసేసి, 6 గుంతల పళ్ళెంలో ఒక్కో గుంతకు 150 నుంచి 200 మైక్రోలీటర్ల 2 రెట్ల గాఢత ఎస్‌డీఎస్ (ప్రోటీన్లను విప్పేసే డిటర్జెంట్) బఫర్ నేరుగా పోసి గీకేయండి. ఎస్‌డీఎస్ తగిలిన క్షణంలో ఎంజైములు చస్తాయి. లోపల చేసే వీలు లేకపోతే, బయటికి తీసిన నిమిషంలోపు మంచు మీద పెట్టి, కడిగే ద్రావణంలోనూ కణాలను పగలగొట్టే లైసిస్ బఫర్‌లోనూ 100 మైక్రోమోలార్ డెఫెరాక్సమిన్ కలిపి ఉంచండి. అది పీహెచ్‌డీ ఇనుమును లాగేసి కోత తర్వాత జరిగే హైడ్రాక్సిలేషన్‌ను ఆపుతుంది. 95 డిగ్రీల్లో 5 నిమిషాలు, తర్వాత డీఎన్‌ఏ జిగట పోయేదాకా సోనికేషన్ (ధ్వని తరంగాలతో చితకడం). 7.5 లేదా 8 శాతం జెల్. అమైనో ఆమ్లాల లెక్క ప్రకారం 93 కిలోడాల్టన్ల దగ్గర ఉండాలి, కానీ బ్యాండ్ 110 నుంచి 120 మధ్య వస్తుంది. 93 దగ్గర వెతికి లేదనుకునేవాళ్ళున్నారు.

సమయం: 4 నుంచి 8 గంటలు చూడండి. 24 గంటలకు చాలా కణాల్లో హిఫ్-1ఆల్ఫా తగ్గిపోతుంది, ఎందుకంటే హిఫ్ తన లక్ష్యాల్లో పీహెచ్‌డీ2, పీహెచ్‌డీ3లను కూడా పెంచి తన గొంతు తానే నొక్కుకుంటుంది. హిఫ్1ఏ సందేశవాహక ఆర్‌ఎన్‌ఏను కొలవడం దండగ, నియంత్రణంతా ప్రోటీన్ కూలడంలోనే ఉంది. కావాలంటే హిఫ్ లేపే సీఏ9, పీడీకే1, బీఎన్‌ఐపీ3 జన్యువుల ఆర్‌ఎన్‌ఏలు చూడండి.

శ్వాసకణం

కోబాల్ట్ క్లోరైడ్ వేస్తే ఆక్సిజన్ గది అవసరమే ఉండదని చాలాచోట్ల చదివాను. గ్లోబిన్ పాత్రను పరీక్షించడానికి అది పనికొస్తుందా?

హీమ్‌పటం

కొరతకు బదులుగా పనికిరాదు. నియంత్రణగా మాత్రం బంగారం. 100 మైక్రోమోలార్ కోబాల్ట్, 100 మైక్రోమోలార్ డెఫెరాక్సమిన్, 1 మిల్లీమోలార్ డీఎంఓజీ, మూడూ ఆక్సిజన్ తగ్గించకుండానే పీహెచ్‌డీని ఆపుతాయి. అప్పుడు మయోగ్లోబిన్ నిండుగానే ఉంటుంది. కాబట్టి మయోగ్లోబిన్ ఉన్న, లేని కణాల మధ్య తేడా 1 శాతంలో కనిపించి, డీఎంఓజీలో మాయమైతే, ఆ తేడా ఆక్సిజన్ మట్టం ద్వారానే వచ్చింది. రెండింట్లోనూ ఉంటే గ్లోబిన్ ఎక్కించడం వల్ల కణం ఇంకేదో కారణంగా మారిపోయింది. డెఫెరాక్సమిన్ హీమ్ ఇనుమును లాగలేదు, అదొక అదనపు సౌకర్యం. అయితే ఎక్కువ గంటలు ఉంచితే కొత్త హీమ్ తయారీకి ఇనుము దొరకదు, 6 గంటలు దాటించకండి.

పీహెచ్‌డీ పనిని కణంలోనే నేరుగా చూడాలంటే 10 మైక్రోమోలార్ ఎంజీ132 వేసి ప్రోటియాజోమ్‌ను ఆపి, 564 ప్రోలిన్ హైడ్రాక్సిల్‌ను గుర్తించే ప్రతిరక్షకంతో బ్లాట్ చేయండి. హిఫ్ మొత్తం అన్నిచోట్లా నిండుగా ఉంటుంది, హైడ్రాక్సిల్ గుర్తు మాత్రం ఆక్సిజన్‌తో పాటు పైకీ కిందికీ కదులుతుంది.

గ్లోబిన్ ఎక్కించేటప్పుడు ఇంకో గోతి: కణం హీమ్ సరిపడా తయారుచేయకపోతే సగం ప్రోటీన్ హీమ్ లేని డొల్లగా ఉంటుంది. బ్లాట్‌లో రెండూ ఒకేలా కనిపిస్తాయి. దీనికి హీమ్ తయారీ ముడిసరుకైన డెల్టా అమైనో లెవులినిక్ ఆమ్లం ఇవ్వడం మేలు. హీమ్‌నే హెమిన్ రూపంలో పోస్తే దాన్ని విరగ్గొట్టే హీమ్ ఆక్సిజనేజ్-1 ఎంజైమ్ లేస్తుంది, అది కార్బన్ మోనాక్సైడ్ పుట్టిస్తుంది, అది ఆక్సిజన్ కన్నా పాతిక రెట్ల దాకా గట్టిగా మయోగ్లోబిన్‌కు అతుక్కుంటుంది. పరీక్షించాలనుకున్న దాన్నే మనం పాడుచేసినట్టవుతుంది.

కొలతబద్ద

వర్ణపటం లేకుండా గ్లోబిన్ గురించి మాట్లాడకండి. డీఆక్సీ మయోగ్లోబిన్ కాంతిని ఎక్కువగా పీల్చే శిఖరాలు 434, 557 నానోమీటర్లు. ఆక్సీ రూపం 418, 543, 581. ఆక్సిజన్ పట్టని మెట్ రూపం 409 దగ్గర శిఖరం, 630 చుట్టూ చిన్న గుట్ట.

కొని తెచ్చే గుర్రపు గుండె మయోగ్లోబిన్ దాదాపు అంతా మెట్ రూపమే. 5 మి.గ్రా. ను 0.5 మి.లీ. ఫాస్ఫేట్ బఫర్‌లో, పీహెచ్ 7.4, కరిగించి 1 మి.గ్రా. లోపు తాజా సోడియం డైథయోనైట్ (మెట్ రూపాన్ని క్షయకరించేది) కలిపి వెంటనే, చిన్న అణువులను వేరు చేసే చల్లని డీసాల్టింగ్ కాలమ్ గుండా పంపండి. డైథయోనైట్ మిగిలిపోతే గాలిలో హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టించి హీమ్‌ను ఫెర్రిల్ (మరీ ఆక్సీకరించిన) రూపానికి తోసేస్తుంది, అందుకే "ఇంకొంచెం వేద్దాం" అనకండి. 581 శిఖరం 543 కన్నా కాస్త ఎత్తుగా ఉంటే పని అయినట్టు. 581 దగ్గర శోషణ గుణకం మిల్లీమోలార్‌కు 14.6.

37 డిగ్రీల్లో ఇది దానంతట అదే మెట్ రూపంలోకి జారుతుంది. సగం ఖాళీగా ఉన్నప్పుడే ఎక్కువ వేగంగా జారుతుంది, పీహెచ్ తగ్గితే ఇంకా వేగంగా. అంటే మనకు ముఖ్యమైన పీ50 చుట్టూనే అది ఎక్కువ చెడిపోతుంది. ప్రతి కొలత తర్వాత 630 చూసి, 5 శాతం దాటితే ఆ నమూనా పారేయండి. ఇంకోటి, 20 డిగ్రీల్లో పీ50 1 మి.మీ. కన్నా కిందే ఉంటుంది. గది ఉష్ణోగ్రత అంకెను 37 డిగ్రీల కణానికి అతికించకండి.

కణాల విషయంలో గదిలోని ఆక్సిజన్ మీటరు చెప్పేది కణానికి అందేది కాదు. 6 గుంతల పళ్ళెంలో 2 మి.లీ. పోస్తే లోతు సుమారు 2 మి.మీ. ఆక్సిజన్ వ్యాపన గుణకం సెకనుకు 3×10⁻⁵ చ.సెం.మీ. చ.సెం.మీ. కి లక్ష కణాలు, ఒక్కోటి సెకనుకు 50 ఆటోమోల్ (50×10⁻¹⁸ మోల్) వాడుతుంటే, పై నుంచి అడుగుకు 33 మైక్రోమోలార్ పడిపోతుంది. గది గాలి ఇంక్యుబేటర్‌లో అది పట్టనంత తేడా కాదు. కానీ 1 శాతంలో పైననే ఉన్నది 10 మైక్రోమోలార్ లోపు. అడుగున సున్నా. గుండె కణాలు, కాలేయ కణాల లాంటి ఖర్చు ఎక్కువున్నవి పెడితే మామూలు గాలిలో కూడా అడుగున కొరత వచ్చేస్తుంది. మాధ్యమాన్ని 1 మి.లీ. కి తగ్గించండి, కణాల సంఖ్య రాసిపెట్టండి. మయోగ్లోబిన్ ఉన్న, లేని పళ్ళేల్లో సాంద్రత తేడా ఉంటే పోలికే చెల్లదు.

శ్వాసకణం

అడుగున సున్నా అయితే మయోగ్లోబిన్ ఉన్నా లేకున్నా ఒకటే కదా? అప్పుడు తేడా చూడటానికి ఎంత ఆక్సిజన్ పెట్టాలి?

కొలతబద్ద

సరైన ప్రశ్న. మయోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మోసుకుపోవాలంటే ఒక కొస నిండి, ఇంకో కొస ఖాళీగా ఉండాలి. రెండు కొసలూ నిండినా, రెండూ ఖాళీ అయినా మోసేది శూన్యం. కాబట్టి 1 శాతం ఒక్కటే పెట్టకుండా 5, 3, 2, 1, 0.5 శాతాలుగా వరుస పెట్టండి. కణాల అడుగున ఆప్టోడ్ (కాంతితో ఆక్సిజన్ కొలిచే సెన్సర్) పెట్టి అసలు మట్టం కొలవండి. తేడా కనిపిస్తే మధ్యలో ఎక్కడో ఒక సన్నని కిటికీలోనే కనిపిస్తుంది. పళ్ళెంలో పరిచిన పలచటి కణాల్లో వ్యాపన దూరం కొన్ని మైక్రాన్లే కాబట్టి ఆ కిటికీ ఇంకా సన్నం. మందమైన కండర పోగులు, గోళాకార కణ ముద్దలు పెడితే బాగా తెరుచుకుంటుంది.

బ్లాట్‌బల్ల

ఆ వరుసలో సౌకర్యంగా ఉంటుందని హిఫ్ కూర్చునే డీఎన్‌ఏ స్థలాల వెనక జీఎఫ్‌పీ అనే వెలిగే ప్రోటీన్ జన్యువు పెట్టి వెలుగు చూద్దామనుకునేవాళ్ళకు: జీఎఫ్‌పీ వర్ణకం పక్వం కావడానికే ఆక్సిజన్ కావాలి. 0.5 శాతం కిందకు పోయేకొద్దీ ప్రోటీన్ తయారైనా వెలగదు. వెలుగు పుట్టించే ఇంకో ప్రోటీన్ లూసిఫరేజ్ చర్యకూ ఆక్సిజన్ కావాలి, బతికున్న కణాల్లో చదివితే అదే బెడద. కణాలను కోసి, గాలిలో, తాజా ఏటీపీతో చదివితే ఆ చిక్కు తగ్గుతుంది. బతికున్న కణాల్లోనే చూడాలంటే బిలిరుబిన్‌తో వెలిగే యూనాజీ అనే ప్రోటీన్ వాడండి, దానికి ఆక్సిజన్ అక్కర్లేదు. మాధ్యమంలో బిలిరుబిన్ సరిపడా లేకపోతే అదీ మసకగానే ఉంటుంది, అందుకే మొదటి పళ్ళెంలోనే బిలిరుబిన్ కలిపిన గుంత ఒకటి, కలపని గుంత ఒకటి పక్కపక్కన పెట్టండి.